ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ ఒకసారి తయారవుతుంది, ఇంకోసారి కాదు: కారణం పట్టుకుని సరిచేయడం ఎలా?

"స్క్రిప్ట్ మార్చలేదు, ఫోల్డర్ మార్చలేదు, యూజర్ మారలేదు. పొద్దున ఫైల్ తయారైంది, మధ్యాహ్నం ఎర్రర్ వచ్చింది, మళ్లీ నడిపితే బానే ఉంది." ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే సర్వర్ అనే మెషీన్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీదుగా క్లయింట్ అనే మెషీన్ తన ఫోల్డర్‌లా వాడుకునే పద్ధతి, అలా తగిలించుకోవడమే మౌంట్. దాని మీద ఎక్కువగా వచ్చే ప్రశ్న పైదే. రెండోది దీనికి తమ్ముడు: "ఒక మెషీన్‌లో ఫైల్ కనిపిస్తోంది, పక్క మెషీన్‌లో లేదంటోంది."

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా మౌంట్ ఆప్షన్ల మీద పడతారు. ఎక్కడో చూసిన నాలుగు ఆప్షన్లు పెట్టి రీబూట్ చేస్తారు, ఎర్రర్ రెండు రోజులు కనబడదు, తగ్గిందనుకుంటారు. అప్పుడప్పుడు వచ్చే ఎర్రర్‌తో ఉన్న చిక్కే అది, మందు వేయకపోయినా తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఎర్రర్ నంబర్ చేతికి వచ్చేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. ఏ నంబర్‌కి ఎక్కడ వెతకాలో కింద ఉంది.

ఇదంతా లినక్స్ క్లయింట్, ఎన్‌ఎఫ్‌ఎస్ 3 లేదా 4 వెర్షన్ వాడేవాళ్ల కోసం. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే టైప్ చేయండి.

ముందు తెలియాల్సినవి రెండే

ఒకటి, క్లయింట్ ప్రతిసారీ సర్వర్‌ని అడగదు. ఫైల్ వివరాలను మామూలుగా 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీ వివరాలను 30 నుంచి 60 సెకన్లు తన దగ్గరే గుర్తుపెట్టుకుంటుంది. "ఆ పేరుతో ఫైల్ లేదు" అన్న జవాబు కూడా అలా గుర్తుండిపోతుంది.

రెండు, సర్వర్ నుంచి జవాబు రాకపోతే క్లయింట్ అదే రిక్వెస్ట్‌ని మళ్లీ పంపుతుంది. చదవడమైతే రెండుసార్లు చదివినా నష్టం లేదు. ఫైల్ తయారు చేయమనో, తీసేయమనో, పేరు మార్చమనో రెండుసార్లు అడిగితేనే తేడా వస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

కనీసం ఒక క్లయింట్‌లో సుడో హక్కు ఉండాలి, రెండు క్లయింట్లుంటే ఇంకా మంచిది, చివరి పరీక్ష రెండింటితోనే కుదురుతుంది. సర్వర్‌లో లాగిన్ కావాలి, లేదంటే లాగిన్ ఉన్నవాళ్లు ఫోన్‌లో దొరకాలి. ఎస్‌ట్రేస్ ప్రోగ్రామ్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని ఏం అడిగిందో, ఏం జవాబు వచ్చిందో చూపిస్తుంది), ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ప్యాకేజీతో వచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ (ఎన్‌ఎఫ్‌ఎస్ లెక్కలు చూపిస్తుంది) ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఎర్రర్ వచ్చిన టైమ్ సెకన్లతో సహా రాసుకోండి, "మధ్యాహ్నం ఎప్పుడో" అంటే లాగ్‌లో ఏదీ పట్టుకోలేరు.

1. అసలు మౌంట్ అయిందో లేదో చూడండి

ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది గానీ, "ఫైల్ మాయమైంది" కేసుల్లో ముందు చూడాల్సింది ఇదే. బూట్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ ఆలస్యంగా లేస్తే మౌంట్ ఫెయిలవుతుంది. మౌంట్ పాయింట్ మాత్రం మామూలు ఖాళీ ఫోల్డర్‌లా అక్కడే ఉంటుంది. స్క్రిప్ట్ అందులో హాయిగా ఫైళ్లు రాసేస్తుంది, అవన్నీ లోకల్ డిస్క్‌లో పడతాయి. తర్వాత ఎవరో మౌంట్ చేస్తే ఆ ఫైళ్లు దాని కింద కప్పబడిపోతాయి.

ఫైండ్‌మౌంట్ కమాండ్‌కి హైఫన్ పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి మీ ఫోల్డర్ పేరు ఇవ్వండి. ఫైల్‌సిస్టమ్ రకం దగ్గర ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా ఎన్‌ఎఫ్‌ఎస్4 కనిపించాలి. ఈఎక్స్‌టీ4 అనో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనో వస్తే మీరు లోకల్ డిస్క్ మీదే ఉన్నట్టు.

కప్పబడిన ఫైళ్లు తీయడానికి మౌంట్ విప్పక్కర్లేదు. రూట్ ఫైల్‌సిస్టమ్‌ని బైండ్ ఆప్షన్‌తో ఇంకో ఖాళీ ఫోల్డర్‌కి మౌంట్ చేసి, ఆ దారిలో వెళ్లి చూడండి, కింద ఉన్నవి కనిపిస్తాయి.

మళ్లీ ఇలా కాకుండా ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ కావాలో రాసే ఫైల్) అండర్‌స్కోర్ నెట్‌డెవ్ ఆప్షన్ పెట్టండి. మౌంట్ లేనప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద ఛాట్ర్ ప్లస్ ఐ (మార్పులకు తాళం వేసే కమాండ్) నడపండి. అప్పుడు మౌంట్ లేకుండా ఎవరు రాయబోయినా, రూట్ అయినా సరే, వెంటనే ఎర్రర్ వస్తుంది. దొంగచాటుగా లోకల్ డిస్క్ నిండడం కంటే ఎర్రర్ రావడమే నయం.

2. ఎర్రర్ నంబర్ పట్టుకోండి

"ఫైల్ క్రియేట్ కాలేదు" అన్నది ప్రోగ్రామ్ చెప్పే మాట. కెర్నెల్ చెప్పింది ఒక నంబర్, మనకి అది కావాలి. పైథాన్ అయితే ఎర్రర్ మెసేజ్‌లోనే నంబర్ చూపిస్తుంది. మిగతావాటిని ఎస్‌ట్రేస్ కింద నడపండి. హైఫన్ ఎఫ్ ఇస్తే చైల్డ్ ప్రాసెస్‌లు కూడా వస్తాయి, హైఫన్ టీటీ ఇస్తే టైమ్ కూడా పడుతుంది. ఎస్‌ట్రేస్ నంబర్‌కి బదులు ఎర్రర్ కోడ్ పేరు, దాని పక్కన వివరణ చూపిస్తుంది. నంబర్ కావాలంటే మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని ఎర్ర్‌నో కమాండ్‌కి ఆ పేరు ఇవ్వండి.

- 17, ఆ పేరుతో ఫైల్ ముందే ఉందట: 3వ మెట్టు
- 2, అలాంటి ఫైల్ లేదట: 4వ మెట్టు
- 13 లేదా 1, అనుమతి లేదట: 5వ మెట్టు
- 116, హ్యాండిల్ (ఫైల్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తు) పాతబడిందట: 6వ మెట్టు
- 5, 110, 28, 122: 7వ మెట్టు
- 36, పేరు మరీ పొడవు: 8వ మెట్టు
- 30, రీడ్ ఓన్లీ: క్లయింట్ మౌంట్ ఆప్షన్లు, సర్వర్ ఎక్స్‌పోర్ట్ (ఏ ఫోల్డర్‌ని ఎవరితో పంచాలో చెప్పే) ఆప్షన్లు రెండూ చూడండి. సర్వర్‌లో డిస్క్ చెడి ఫైల్‌సిస్టమ్ తనంతట తానే రీడ్ ఓన్లీ అయినా ఇదే వస్తుంది.

3. 17 వస్తే: అది మీరు తయారు చేసిన ఫైలేనేమో

అందరినీ తికమక పెట్టేది ఇదే. ఫైల్ లేదని మీకు ఖాయంగా తెలుసు, అయినా "ముందే ఉంది" అంటోంది. జరిగేది ఇది: క్లయింట్ ఫైల్ చేయమని అడిగింది, సర్వర్ చేసింది, ఆ జవాబు దారిలో పోయింది. క్లయింట్ మళ్లీ అడిగింది. సర్వర్ ఈసారి చూస్తే ఫైల్ ఉంది కాబట్టి 17 అంది. పని అయింది, చేతికి మాత్రం ఎర్రర్ వచ్చింది. ఫోల్డర్ చేసే ఎమ్‌కేడిర్‌కీ ఇదే గతి. ఫైల్ తీసేయడంలో, పేరు మార్చడంలో ఇదే జరిగితే 17కి బదులు 2 వస్తుంది.

ఇలా కాకూడదనే సర్వర్ ఇటీవలి జవాబులను కొన్ని దాచుకుంటుంది, అదే రిక్వెస్ట్ మళ్లీ వస్తే పాత జవాబే ఇస్తుంది. కానీ రద్దీ ఎక్కువైనా, సర్వర్ మధ్యలో రీస్టార్ట్ అయినా ఆ దాచింది పోతుంది.

నిర్ధారించుకోవడానికి ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్‌ని హైఫన్ ఆర్‌సీతో నడిపి, రీట్రాన్స్ (మళ్లీ పంపిన రిక్వెస్ట్‌ల లెక్క) కింద ఉన్న అంకె రాసుకోండి. ఎర్రర్ వచ్చాక మళ్లీ చూడండి, పెరిగితే అనుమానం బలపడినట్టే. డీమెస్గ్ (కెర్నెల్ లాగ్ చూపే కమాండ్)‌లో సర్వర్ స్పందించడం లేదన్న లైను, కాసేపటికి ఓకే అన్న లైను ఉన్నాయా చూడండి. చివరగా ఆ ఫైల్‌నే స్టాట్ కమాండ్‌తో చూడండి: ఓనర్ మీరే అయి, టైమ్ ఆ క్షణమే అయితే అది మీ ఫైలే.

సరిచేసే దారులు, నేను చేసే వరుసలో:

మొదటిది, 4.1 లేదా 4.2 వెర్షన్‌తో మౌంట్ చేయండి. 4.1 నుంచి సెషన్లు ఉన్నాయి, ప్రతి రిక్వెస్ట్‌కీ వరుస నంబర్ ఉంటుంది కాబట్టి రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ గుర్తుపట్టి మొదటి జవాబే ఇస్తుంది. సర్వర్ రీస్టార్ట్ అయిన సందర్భాన్ని వదిలేస్తే ఈ బెడద తీరినట్టే. వెర్షన్ చెప్పకుండా మౌంట్ చేస్తే సర్వర్‌తో చర్చల్లో 3కి దిగిపోయి ఉండొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ హైఫన్ ఎమ్‌తో అసలు ఏ వెర్షన్ నడుస్తోందో చూసుకోండి.

రెండోది, రీట్రాన్స్ ఆగకుండా పెరుగుతుంటే నెట్‌వర్క్ చూడండి. కేబుల్, స్విచ్ పోర్ట్‌లో ఎర్రర్లు, రెండు వైపులా ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఒకటేనా లేదా. దీన్ని మౌంట్ ఆప్షన్లతో కప్పిపుచ్చవద్దు.

మూడోది, కోడ్ మీ చేతిలో ఉంటే దాన్ని సరిచేయండి. ఫోల్డర్ కావాలంతే అనుకుంటే ఎమ్‌కేడిర్‌కి హైఫన్ పీ ఇస్తే చాలు. లాక్ ఫైల్ అయితే మాత్రం 17ని పట్టించుకోకుండా వదిలేయడం పెద్ద తప్పు, ఇద్దరూ తమకే లాక్ దొరికిందనుకుంటారు. నమ్మకమైన పాత పద్ధతి ఒకటుంది: హోస్ట్ పేరు, ప్రాసెస్ నంబర్ కలిపి ఎవరికీ లేని పేరుతో ఒక ఫైల్ చేయండి. దానికి లాక్ పేరుతో హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి రెండో పేరు) పెట్టండి. లింక్ కమాండ్ ఏం చెప్పిందో వదిలేసి, మీ సొంత ఫైల్‌ని స్టాట్ చేయండి. లింకుల సంఖ్య 2 అయితే లాక్ మీదే. జవాబు దారిలో పోయినా ఈ లెక్క తప్పదు.

"ఫైల్ లేకపోతే తయారు చెయ్" అని రెండు మెట్లుగా రాసిన స్క్రిప్టులు లోకల్ డిస్క్‌లోనే తప్పు, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకా తప్పు. చూడటం, చేయడం ఒకే అడుగులో జరగాలి. బాష్‌లో సెట్ హైఫన్ పెద్ద సి, పైథాన్‌లో ఓపెన్‌కి ఎక్స్ మోడ్ అందుకే ఉన్నాయి. ఇలా విడిగా తయారు చేసే సౌకర్యం ఎన్‌ఎఫ్‌ఎస్ 2లో అసలు లేదు, 3లో వచ్చింది. ఏదైనా పాత స్టోరేజ్ పెట్టె ఇంకా 2 మీద నడుస్తుంటే దాన్ని మార్చడం తప్ప వేరే మార్గం వెతక్కండి. ఇంకో మాట, 3వ వెర్షన్‌లో ఎప్పటిదో తెలియని విచిత్రమైన తేదీతో ఖాళీ ఫైల్ కనిపిస్తే కంగారు పడకండి. ఆ తరహా తయారీలో సర్వర్ తన గుర్తును ఫైల్ తేదీల్లో దాస్తుంది, మధ్యలో ఆగిపోతే అదే మిగిలిపోతుంది.

4. 2 వస్తే: పక్క మెషీన్ పాత జ్ఞాపకంలో ఉంది

రెండు మెషీన్లను 'ఏ', 'బీ' అనుకుందాం. ఫైల్‌ని 'ఏ' చేసింది. బీ మెషీన్ లేదంటోంది. అంతకుముందే బీ ఆ ఫైల్ కోసం వెతికి ఉంటుంది, "లేదు" అన్న జవాబు గుర్తుపెట్టుకుంది. ఫైల్ వచ్చిందా వచ్చిందా అని సెకనుకోసారి అడిగే స్క్రిప్టులే దీని పాలిట పడతాయి.

ముందు ఖర్చులేని చిట్కా: బీలో ఫైల్ పేరుని నేరుగా అడగకుండా, ఆ డైరెక్టరీని ఎల్‌ఎస్‌తో తెరవండి. డైరెక్టరీ తెరిచినప్పుడు క్లయింట్ దాని వివరాలను సర్వర్‌తో సరిచూసుకుంటుంది, మారిందని తెలిస్తే పాత "లేదు" చెల్లదు. చాలా స్క్రిప్టులకు ఈ ఒక్క లైను సరిపోతుంది.

అది చాలకపోతే మౌంట్‌లో లుకప్‌క్యాష్ ఆప్షన్‌కి పాజిటివ్ అని ఇవ్వండి. "ఉంది" అన్నవి గుర్తుంటాయి, "లేదు" అన్నవి ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతుంది. అదీ చాలకపోతే ఏసీడిర్‌మిన్, ఏసీడిర్‌మాక్స్ (డైరెక్టరీ వివరాలు గుర్తుండే కనీస, గరిష్ఠ సెకన్లు) విలువలు తగ్గించండి.

నోఏసీ మాత్రం ఆఖరి మందు. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ముందు ఇదే చెప్తారు, నాకు మింగుడు పడదు. అది పెడితే క్యాష్ పోవడమే కాదు, ప్రతి రైటూ సర్వర్‌కి చేరేదాకా ప్రోగ్రామ్ ఆగుతుంది. వేల చిన్న ఫైళ్లున్న చోట అందరూ సర్వర్ స్లో అయిందని మీ మీదకే వస్తారు.

ఆప్షన్ మార్చాక రీమౌంట్‌ని నమ్మకండి, ఎన్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్లు చాలావరకు దానితో మారవు. పూర్తిగా విప్పి మళ్లీ మౌంట్ చేసి, ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ హైఫన్ ఎమ్‌తో కొత్త విలువ పడిందో లేదో చూడండి.

'ఏ' మెషీన్ వైపు కూడా ఒక మార్పు చేయండి: ఫైల్‌ని అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో రాసి, మూసి, ఆ తర్వాత అసలు పేరుకి మార్చండి. లేకపోతే బీకి సగం రాసిన ఫైల్ దొరుకుతుంది. ఇంకో డైరెక్టరీ నుంచి, అదీ వేరే ఫైల్‌సిస్టమ్ నుంచి ఎమ్‌వీ చేస్తే అది పేరు మార్చడం కాదు, కాపీ. అప్పుడు మళ్లీ మొదటికే వచ్చినట్టు.

5. 13 లేదా 1 వస్తే: 777కి (అందరికీ అన్ని హక్కులు) వెళ్లకండి

పర్మిషన్ అయితే ఎప్పుడూ రాకూడదు లేదా ఎప్పుడూ రావాలి కదా, అప్పుడప్పుడు ఎందుకు వస్తుంది? నాలుగు కారణాలు చూడండి.

గ్రూపుల సంఖ్య. మామూలు సెక్యూరిటీ పద్ధతిలో రిక్వెస్ట్‌తో పాటు 16 అదనపు గ్రూపులే వెళ్తాయి. యూజర్ అంతకంటే ఎక్కువ గ్రూపుల్లో ఉంటే మిగతావి రాలిపోతాయి. ఒక ఫోల్డర్‌లో ఫైల్ తయారవుతుంది, ఇంకో ఫోల్డర్‌లో కాదు, లోకల్‌గా చూస్తే హక్కులన్నీ సరిగ్గా ఉంటాయి. ఐడీ హైఫన్ పెద్ద జీతో లెక్కపెట్టండి. సర్వర్‌లో మౌంట్‌డీకి మేనేజ్ జిడ్స్ ఆప్షన్ ఇస్తే గ్రూపులను సర్వర్ తనే చూసుకుంటుంది. ఆ యూజర్లూ గ్రూపులూ సర్వర్‌కి తెలిసి ఉండాలి, లేకపోతే ఉన్న హక్కూ పోతుంది.

రూట్. ఎక్స్‌పోర్ట్‌లో రూట్ స్క్వాష్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, క్లయింట్‌లోని రూట్ సర్వర్‌కి 65534 నంబర్ యూజర్‌గా కనిపిస్తుంది. అందుకే మీరు నడిపితే పనిచేసే స్క్రిప్ట్ రూట్ క్రాన్‌లో పెడితే ఫెయిలవుతుంది. టార్, ఆర్‌సింక్ లాంటివి ఫైల్ చేసేసి, ఓనర్‌ని మార్చబోయి 1 తెచ్చుకుంటాయి. స్క్వాష్ తీసేయడం సులువే, కానీ క్లయింట్‌లో రూట్ ఉన్న ప్రతివాళ్లకీ సర్వర్ ఫైళ్ల మీద రూట్ హక్కు ఇచ్చినట్టవుతుంది. జాబ్‌ని మామూలు యూజర్ పేరుతో నడపండి.

యూజర్ నంబర్లు. పేరు ఒకటే అయినా రెండు మెషీన్లలో యూఐడీ వేరైతే ఒకదాంట్లో పని అవుతుంది, రెండోదాంట్లో కాదు. వెర్షన్ 4లో ఓనర్ నోబడీ అని కనిపిస్తే రెండు వైపులా ఐడీమ్యాప్ డొమైన్ ఒకటేనా చూడండి.

కెర్బరోస్ టికెట్ (గడువున్న లాగిన్ చీటీ). పగలంతా పనిచేసి రాత్రి జాబ్ మాత్రమే ఫెయిలవుతుంటే కేలిస్ట్‌తో గడువు చూడండి. రాత్రి జాబ్‌కి కీట్యాబ్ (పాస్‌వర్డ్ అడగకుండా టికెట్ తెచ్చే కీ ఫైల్) పెట్టండి.

6. 116 వస్తే

మీరు కూర్చున్న డైరెక్టరీని సర్వర్‌లో ఎవరో తీసేసి అదే పేరుతో మళ్లీ చేశారు. పేరు అదే, సర్వర్‌కి అది వేరే వస్తువు. ఒక్క మెట్టు పైకి వెళ్లి మళ్లీ లోపలికి రండి, ఎక్కువసార్లు అదే చాలు. ఎప్పట్నించో నడుస్తున్న సర్వీస్ అయితే రీస్టార్ట్ చేయాలి. మౌంట్ మొత్తం ఇలాగే అంటే సర్వర్‌లో డిస్క్ మారి ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ లైన్‌లో ఎఫ్‌ఎస్‌ఐడీ (ఆ ఎక్స్‌పోర్ట్ గుర్తింపు నంబర్) స్థిరంగా ఇచ్చి, క్లయింట్లలో విప్పి మళ్లీ మౌంట్ చేయండి. డిప్లాయ్ స్క్రిప్ట్ ఫోల్డర్‌ని తుడిచి మళ్లీ చేస్తుంటే దాన్ని మార్చకుండా ఇది పోదు.

7. 5, 110, 28, 122 వస్తే

5 లేదా 110 కనిపిస్తే మౌంట్‌లో సాఫ్ట్ లేదా సాఫ్ట్‌ఎర్ర్ ఉందేమో చూడండి. సర్వర్ కాసేపు పలకకపోతే సాఫ్ట్ మౌంట్ చేతులెత్తేసి ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇస్తుంది, రాసిన డేటా చేరిందో లేదో ఎవరికీ తెలియదు. ఫైళ్లు రాసే చోట హార్డ్ పెట్టండి. ప్రోగ్రామ్ వేలాడినట్టు ఆగుతుందని భయం వద్దు, సర్వర్ లేవగానే తనే సాగుతుంది. టైమ్‌ఓ విలువ సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. 60 సెకన్లు కావాలని 60 అని రాస్తే 6 సెకన్లే అవుతుంది, చాలా సెటప్‌లలో ఈ తప్పు కనిపిస్తుంది.

28 అంటే చోటు లేదు. డీఎఫ్‌లో చోటు కనిపిస్తుంటే హైఫన్ ఐతో ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) చూడండి, చిన్న ఫైళ్లు పెరిగితే ముందు అవే అయిపోతాయి. 122 అంటే కోటా (యూజర్‌కి కేటాయించిన చోటు) నిండింది. ఈ రెండూ ఆలస్యంగా వస్తాయి, అదే వీటితో టెన్షన్. ఫైల్ తయారవుతుంది, రైట్ కూడా సరే అంటుంది, మూసేటప్పుడు ఎర్రర్ వస్తుంది. క్లోజ్, ఎఫ్‌సింక్ ఏం తిరిగిచ్చాయో చూడని ప్రోగ్రామ్ అంతా బాగుందనుకుని వెళ్లిపోతుంది, మీకు సున్నా బైట్ల ఫైల్ మిగులుతుంది.

8. కొన్ని పేర్లతోనే ఎర్రర్ వస్తే

లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో పేరు హద్దు మామూలుగా 255 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 85 కోడ్లకే నిండిపోతుంది. ఆర్టికల్ శీర్షికనే ఫైల్ పేరుగా పెట్టే ప్రోగ్రామ్‌లు కొన్ని పేర్లకు 36 ఇవ్వడానికి కారణం ఇదే.

ఐత్వంతో ఇంకో తంటా. ై గుర్తును ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. మ్యాక్ నుంచి కాపీ అయిన పేరు విడగొట్టిన రూపంలో వస్తే, కంటికి ఒకేలా ఉన్నా సర్వర్‌కి వేరే పేరు. "సైన్స్" అన్న ఫోల్డర్ రెండుసార్లు కనిపిస్తే ఎల్‌ఎస్ అవుట్‌పుట్‌ని హెక్స్‌లో చూడండి. పేర్లను రాసేముందే ఎన్‌ఎఫ్‌సీ (ముక్కలను ఒకే కోడ్‌గా కలిపే) రూపానికి మార్చుకుంటే సరి.

9. నిజంగా తగ్గిందో లేదో పరీక్షించండి

"రెండు రోజులుగా రాలేదు" అన్నది పరీక్ష కాదు. రెండు క్లయింట్లను పోటీకి పెట్టండి.

ముందు రెండింటి గడియారాలు క్రోనీ అనే టైమ్ సర్వీస్‌తో సరిచేయండి. షేర్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చేయండి. రెండింట్లోనూ ఒకే చిన్న స్క్రిప్ట్: 1 నుంచి 1000 వరకు ప్రతి నంబర్‌తో ఎమ్‌కేడిర్ చేయాలి, హైఫన్ పీ లేకుండా. సఫలమైతే ఒకటి కూడాలి, ఏ నంబర్లు గెలిచిందో తన లోకల్ డిస్క్‌లో రాసుకోవాలి. రెండూ ఒకే నిమిషంలో మొదలవ్వాలి. ఒకటి ముందే అన్నీ గెలిచేస్తే పోటీ జరగనట్టే, ఇంకోసారి నడపండి.

రెండింటి గెలుపులు కలిపితే సరిగ్గా 1000 రావాలి. తక్కువ వస్తే కొన్ని పేర్లను ఇద్దరూ ఓడిపోయారు. తయారైన ఫోల్డర్‌కి అబద్ధపు 17 వచ్చిందన్నమాట, 3వ మెట్టుకి వెళ్లండి. ఎక్కువ వస్తే ఒకే పేరుని ఇద్దరూ గెలిచారు. అది చాలా ప్రమాదం, మధ్యలో ఎవరైనా ఫోల్డర్లు తుడుస్తున్నారేమో, రెండు క్లయింట్లూ నిజంగా ఒకే సర్వర్‌కి, ఒకే ఎక్స్‌పోర్ట్‌కి వెళ్తున్నాయో లేదో ఫైండ్‌మౌంట్‌తో ముందు చూడండి.

తీరిక సమయంలో ఒకసారి, బ్యాకప్ నడుస్తూ నెట్‌వర్క్ నిండి ఉన్నప్పుడు ఒకసారి చేయండి. తీరికలో 1000 వచ్చి, రద్దీలో 998 వస్తే ఆ రెండు నంబర్లు తీసుకుని, పోర్ట్ 2049 మీద టీసీపీడంప్ (నెట్‌వర్క్ ప్యాకెట్లు రికార్డు చేసే ప్రోగ్రామ్) పెట్టి మళ్లీ నడపండి. ఎమ్‌కేడిర్ రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లిందా లేదా అన్నది అందులో కనిపిస్తుంది. స్టోరేజ్ చూసేవాళ్లకి టికెట్ పెట్టేటప్పుడు ఆ డంప్ ఫైల్, టైమ్, ముందూ వెనకా రీట్రాన్స్ అంకెలు జతచేయండి.